కోరిక ఒకరిది, కాపలా ఇంకొకరికి

ఆడదానికి కామం మగవాడికన్నా ఎనిమిది రెట్లు ఎక్కువని చాణక్యుడి పేరు మీద చెలామణి అయ్యే శ్లోకం ఒకటుంది. ఆ లెక్క ఎవరు తీశారో, దేనితో కొలిచారో, ఎంతమందిని అడిగారో అందులో ఉండదు. అయినా తరతరాలుగా ఊరి అరుగుల మీద అది తిరుగులేని మాటగా నిలబడింది. అదే అరుగు మీద, అదే పెద్దమనిషి నోట ఇంకో మాట కూడా వినబడుతూ వచ్చింది. మగబుద్ధి నిలకడ లేనిది, దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు, అందుకని ఆడపిల్లే ఒద్దికగా మసలుకోవాలి అని.

ఈ రెండూ ఒకేసారి నిజం కావు. కోరిక ఎనిమిది రెట్లు ఉన్నది ఆడదానికే అయితే, పొద్దుగూకాక వీధిలోకి రావడానికి జంకవలసింది మగవాడు. అదుపు లేనిది మగవాడికే అయితే, ఇంట్లో కూర్చోబెట్టవలసింది అతన్ని. సమాజం మాత్రం ఏ నమ్మకం నుంచి బయల్దేరినా ఒక్కచోటికే చేరింది: స్త్రీ గడప దాటకూడదు. కారణాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటున్నా తీర్పు మారలేదంటే, తీర్పు ముందే రాసి పెట్టుకుని కారణాలు తర్వాత వెతుక్కున్నారని అర్థం. హేతువాది అనుమానించవలసింది ఇలాంటి చోటే.

మనుస్మృతి తొమ్మిదో అధ్యాయంలో స్త్రీని బాల్యంలో తండ్రి, యౌవనంలో భర్త, వార్ధక్యంలో కొడుకు కాపాడాలని చెప్పిన సంగతి అందరికీ తెలుసు. ఎందుకు కాపాడాలో చెప్పే శ్లోకాలు అంతగా ప్రచారంలో లేవు. స్త్రీలు అందం చూడరు, వయసు చూడరు, మగవాడైతే చాలనుకుంటారు అన్న అభియోగం ఆ అధ్యాయంలోనే ఉంది. రెండో అధ్యాయం మగవాళ్లను చెడగొట్టడం ఆడవాళ్ల స్వభావం అంటుంది. ఆ వెంటనే, తల్లితో గానీ అక్కచెల్లెళ్లతో గానీ కూతురితో గానీ ఒంటరిగా కూర్చోవద్దని, ఇంద్రియాలు పండితుణ్ణి కూడా ఈడ్చుకుపోతాయని మగవాడిని హెచ్చరిస్తుంది. తల్లి దగ్గరా కూతురి దగ్గరా కూడా తనను తాను నమ్ముకోలేని మగవాణ్ణి చూపిస్తూ, నేరం స్త్రీ స్వభావం మీద వేయడం ఎంత ఘోరమైన తర్కం! 1927 డిసెంబర్ 25న మహద్‌లో అంబేద్కర్ అనుచరులు ఆ గ్రంథాన్ని తగలబెట్టారు. కులం పేరిటా స్త్రీ పేరిటా అది చేసిన అన్యాయాలు రెండూ ఆ మంటకు కారణాలే.

పురాణాల్లోనూ ఇదే ఏర్పాటు. వాల్మీకి బాలకాండలో విశ్వామిత్రుడి తపస్సు చెడగొట్టమని ఇంద్రుడు రంభను పంపుతాడు. ఆమె భయపడుతుంది, మునికి కోపం వస్తుందని చేతులు జోడించి మొరపెట్టుకుంటుంది. ఇంద్రుడు ధైర్యం చెప్పి పంపిస్తాడు. చివరికి శపించి రాయిగా మార్చింది ఎవరిని? రంభను. పదివేల ఏళ్లు. పన్నాగం ఇంద్రుడిది, చలించిన మనసు మునిది, కోపమూ మునిదే. ఈ కథను తపోమహిమగా చెప్పుకునే పురాణ ప్రవచనాల్లో రంభ చేసిన తప్పేమిటని ఒక్క శ్రోతైనా లేచి అడగాలి.

ఇవాళ ఎవరూ ఆడవాళ్లను రాళ్లు కమ్మని శపించడం లేదు. కానీ వీధిలో ఏ దారుణం జరిగినా మొదటి ప్రశ్న ఆమె వేసుకున్న బట్టల గురించి, రెండోది ఆమె బయల్దేరిన వేళ గురించి వస్తోంది. మగవాడి కోరిక వరద లాంటిదని, ఎదురుగా నిలబడ్డవాళ్లదే తప్పని ఆ ప్రశ్నల అడుగున ఉన్న నమ్మకం. దీన్ని పరీక్షించడానికి ప్రయోగశాల అక్కర్లేదు. కిక్కిరిసిన బస్సులో పక్క సీటు అమ్మాయి మీద చెయ్యి వేసే మగవాడు, ఆఫీసులో పై అధికారి భార్య ఎదుట చేతులు కట్టుకుని నిలబడతాడు. పోలీసు యూనిఫాంలో ఉన్న మహిళ ముందు అతని నిగ్రహానికి లోటేమీ ఉండదు. ఆపుకోలేనిదే అయితే ఎక్కడా ఆపుకోలేకపోవాలి. ఎక్కడ శిక్ష పడదో అక్కడే అదుపు తప్పుతోందంటే, అది ప్రకృతి కాదు, లెక్క చూసుకుని తీసుకునే చొరవ.

నేర గణాంకాలూ అదే చెబుతాయి. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ఇచ్చే లెక్కల్లో అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువో, ఇరుగుపొరుగో, స్నేహితుడో, పనిచేసే చోట పెద్దవాడో. చీకట్లో ఎదురైన అందం చూసి మతి పోగొట్టుకున్న అపరిచితుడి కథ ఆ లెక్కలకు అతకదు. పసిపిల్లల మీద, ముసలివాళ్ల మీద జరిగే దాడులకు దుస్తుల సిద్ధాంతం దగ్గర జవాబే లేదు.

స్త్రీ పురుషుల కోరిక మీద ఇప్పటిదాకా తెలుగులో ఎక్కువగా మాట్లాడింది మగవాళ్లే. వాళ్లలో రెండు రకాలున్నారు, ఆ తేడా పట్టుకోవడం అవసరం.

మొదటి రకాన్ని గురజాడ ‘కన్యాశుల్కం’ నాటకంలో 1897లోనే అచ్చులో పెట్టారు. గిరీశానికి సంస్కరణ మీద ఉపన్యాసాలు బాగా వచ్చు. వితంతు వివాహాల గురించి, వేశ్యా వ్యతిరేకత గురించి నోరు నొప్పి పుట్టేదాకా మాట్లాడగలడు. ఆ మాటలన్నీ చివరికి అగ్నిహోత్రావధానుల ఇంట్లో ఉన్న బుచ్చమ్మ దగ్గరికి చేరడానికి మెట్లు. ఆమె వైధవ్యం అతనికి సమస్య కాదు, అవకాశం. స్త్రీ స్వేచ్ఛ మీద అనర్గళంగా మాట్లాడుతూ ఆ మాటల్ని వలగా వాడుకునే మగవాడు మన సాహిత్యంలోకి అంత తొందరగా వచ్చాడు. కాలేజీల్లో, సాహిత్య సభల్లో, ఉద్యమాల్లో కూడా అతని వారసులు ఉన్నారు. స్త్రీవాదం మీద మంచి పుస్తకాలు చదివినంత మాత్రాన ఏ మగవాడినీ నమ్మి తీరాలన్న నియమం లేదు. గురజాడ గొప్పతనం ఇంకో చోట ఉంది. గిరీశం బండారం సంస్కర్త సౌజన్యారావు పంతులుకు తెలిసేలా చేసింది మధురవాణి. ఏ వేశ్య ముఖమైతే సంస్కర్త చూడనని పట్టుపట్టాడో, ఆ మనిషికే సంస్కర్త వేషంలో ఉన్న మగవాడి అసలు రూపం తెలుసు. బుచ్చమ్మ పూనాలోని వితంతు శరణాలయానికి వెళ్లి చదువుకోవాలని నిర్ణయం కావడం కూడా నాటకంలో చిన్న సంగతి కాదు. ఆమె ముందు ఆ రోజు దాకా పుట్టింటి మూల, గిరీశం చెయ్యి తప్ప ఇంకో దారి లేదు.

రెండో రకం మగవాడు చలం.

గుడిపాటి వెంకట చలం 1894లో పుట్టారు, 1979లో పోయారు. మద్రాసులో బి.ఎ. చదివే రోజుల్లో భార్య రంగనాయకమ్మను కాన్వెంటులో చేర్పించి, సైకిల్ మీద కూర్చోబెట్టుకుని తీసుకువెళ్లేవారు. దారి పొడవునా జనం వింతగా చూశారు, వెక్కిరించారు. భార్య పలక పట్టడం అప్పట్లో అంత విడ్డూరం. ఆ తర్వాత బడుల ఇన్‌స్పెక్టరు ఉద్యోగం చేస్తూ ఊళ్లు తిరిగారు, ఇళ్ల లోపలి జీవితాలు చూశారు. 1927లో ‘మైదానం’ వచ్చింది. పెళ్లయిన బ్రాహ్మణ స్త్రీ రాజేశ్వరి అమీర్ అనే ముస్లిం యువకుడితో ఇల్లు వదిలి వెళ్లి, తన కథ తానే చెప్పుకుంటుంది. తెలుగు సమాజం చలాన్ని దాదాపుగా వెలివేసింది.

ఆయన చేసిన పని ఇవాళ్టి కళ్లతో చూస్తే ఏమిటి? శ్లోకంలోని ఎనిమిది రెట్లనూ కొట్టేశారు, పతివ్రతా కథల్లోని సున్నానూ కొట్టేశారు. స్త్రీకి కోరిక ఉంటుంది, అది మగవాడికి ఉండేలాంటిదే, అది పాపమూ కాదు, మహిమా కాదు అన్నారు. ‘స్త్రీ’ పుస్తకంలో ఆమెకు దేహమూ మెదడూ మనసూ ఉన్నాయని గుర్తు చేయవలసి వచ్చిందంటే, ఆనాటి ఇళ్లలో వాటిలో ఏదీ లెక్కలో లేదు. ఇంతకన్నా ముఖ్యమైనది, తన ఆకర్షణను దాచుకోలేదు. సంస్కర్తలు చాలామంది స్త్రీని ఉద్ధరించవలసిన చెల్లెలిగానో పూజించవలసిన తల్లిగానో చూశారు, తమ కోరికను ఉపన్యాసం బయట పెట్టి వచ్చారు. చలం ఆ ముసుగు తీసేసి, మగవాడు స్త్రీని కోరుకుంటాడు, ఆ కోరికను ఆమె మీద అధికారంగా మార్చుకోవడమే నేరం అని తేల్చి చెప్పారు. నిజాయితీగా ఆలోచించే ఏ మగవాడైనా బయల్దేరవలసిన చోటు అదే.

ఆయన దగ్గర ఆగిపోవలసిన అవసరం కూడా లేదు. మైదానంలో రాజేశ్వరికి ఆకాశం ఉంది, ఏరు ఉంది, ప్రేమ ఉంది; చేతిలో తన సంపాదన లేదు. అమీర్ మనసు మరొకరి మీదికి మళ్లినప్పుడూ, ఆమె కడుపులో బిడ్డ అతనికి అక్కర్లేనప్పుడూ ఆమెకు నిలబడడానికి నేల లేదు. గుడిసెలో కూడా నిర్ణయాలు మగవాడివే అయ్యాయి. కోరికకు స్వేచ్ఛ ఇస్తే చాలు, మిగతావి అవే వస్తాయన్న నమ్మకం తప్పని ఆ నవలే, రచయిత ఉద్దేశంతో పని లేకుండా, రుజువు చేస్తుంది. చదువు, ఉద్యోగం, ఆస్తి, కాదు అంటే చెల్లే మాట. ఇవి లేకుండా ప్రేమించే హక్కు ఒక్కటే ఆమెను కాపాడలేదు.

ఇంకో లోటు కూడా ఉంది. చలం ఎంత దగ్గరగా వెళ్లినా, చూసేవాడి వైపు నుంచే రాశారు. ప్రబంధ కవులు కొప్పు నుంచి కాలిగోరు దాకా స్త్రీ శరీరాన్ని వర్ణించిన భాష మనది. చూడబడేవాళ్లకు ఎలా ఉంటుందో ఆ వర్ణనల్లో ఒక్క మాట లేదు. ఆ మాట కోసం 1980ల దాకా ఆగవలసి వచ్చింది. జయప్రభ ‘చూపులు’ రాశారు, పైట మీద రాశారు. ఓల్గా సంపాదకత్వంలో 1993లో ‘నీలిమేఘాలు’ స్త్రీవాద కవితా సంకలనం వచ్చింది. అశ్లీలమని, దిగుమతి సరుకని అప్పట్లో మగ విమర్శకులు గగ్గోలు పెట్టారు. వందల ఏళ్లు స్త్రీల అవయవాలను పద్యాల్లో లెక్కపెట్టిన సంప్రదాయానికి, ఒక స్త్రీ తన ఒంటి మీద పడిన చూపు గురించి రాస్తే అశ్లీలం గుర్తొచ్చింది. ఆ కోపం ఆ కవితలకు అందిన పెద్ద సాక్ష్యం.

పెళ్లి దగ్గరికి వస్తే నమ్మకం మంత్రంగా మారుతుంది. ఋగ్వేదం పదో మండలంలోని వివాహ సూక్తం ప్రకారం వధువు మొదట సోముడిది, తర్వాత గంధర్వుడిది, ఆ తర్వాత అగ్నిది, నాలుగోవాడు మానవ భర్త. ఒకరు మరొకరికి ఇచ్చారు, చివరికి అగ్ని వరుడికి ఇచ్చాడు. ఇన్ని చేతులు మారినా ఎక్కడా ఆమెను అడిగినట్టు లేదు. కన్యాదానం అన్న తంతు దీనికి కొనసాగింపే. దానంగా పుచ్చుకున్నది తిరిగి కాదంటుందన్న ఊహ భర్తకు ఎలా వస్తుంది?

ఇంగ్లండులో కూడా ఇదే భావం చట్టంగా ఉండేది. పెళ్లితోనే భార్య తన శరీరాన్ని ఒప్పగించింది కాబట్టి భర్త మీద అత్యాచార నేరం నిలవదని మాథ్యూ హేల్ అనే న్యాయమూర్తి రాసిపెట్టిన మాట 1736లో అచ్చయింది. ఆ దేశంలోనే జాన్ స్టూవర్ట్ మిల్ 1851లో హారియట్ టేలర్‌ను పెళ్లి చేసుకోబోతూ, చట్టం భర్తగా తనకిచ్చే అధికారాలను తాను అంగీకరించడం లేదని కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ప్రేమించిన మగవాడు ముందుగా చేయవలసిన పని తనకు ఉచితంగా వచ్చిన అధికారాన్ని గుర్తించడం అని అతనికి తెలిసింది. హేల్ మాటను ఇంగ్లండు 1991లో కొట్టేసింది. మన శిక్షాస్మృతి 1860లో దాన్ని మినహాయింపుగా ఎక్కించుకుంది, దాని చోట వచ్చిన కొత్త చట్టమూ దాన్ని వదల్లేదు.

ఈ విషయంలో తెలుగు నేల మీద జరిగిన ఒక గొప్ప ప్రయత్నం న్యాయ విద్యార్థులకు తప్ప ఎక్కువమందికి తెలియదు. హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్ ప్రకారం, విడిగా ఉంటున్న భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించవచ్చు. ఒక సినీ నటి మీద ఆమె భర్త కడప కోర్టులో అలాంటి కేసు వేశాడు. అది ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చింది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ సెక్షన్‌నే రాజ్యాంగ విరుద్ధమన్నారు. ఆయన వాదన సూటిగా ఉంది. ఈ ఆదేశంతో ఎవరితో ఎప్పుడు శరీరం పంచుకోవాలన్న నిర్ణయం మనిషి చేతుల్లోంచి ప్రభుత్వం చేతుల్లోకి పోతుంది. గర్భం మోసేది స్త్రీ కాబట్టి, చట్టం ఇద్దరికీ ఒకటేనని రాసినా దెబ్బ ఆమెకే తగులుతుంది. పైగా ఇది హిందూ సంప్రదాయం కూడా కాదు, ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి వచ్చి పడింది. ఇంగ్లండు 1970లోనే దాన్ని వదిలేసింది. ఇదంతా ఒక మగ న్యాయమూర్తి రాశారు. స్త్రీల సంగతి స్త్రీలకే తెలుస్తుంది, మగవాడు ఏం చేయగలడు అని చేతులు దులుపుకునేవాళ్లు ఆ తీర్పు చదవాలి. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు సరోజ్ రాణి కేసులో దాన్ని తోసిపుచ్చి, సెక్షన్‌ను నిలబెట్టింది. అది ఇప్పటికీ ఉంది.

చట్టం ఒక్కటే తప్పు చేస్తోందని అనలేం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు సందర్భాలు చెప్పి, భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. పడకకు రానని భార్య అనడం ఆ ఏడింటిలో ఒకటి. కనీసం ఒక సందర్భంలోనైనా కొట్టవచ్చని తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం స్త్రీలే అన్నారు. దేశంలో అన్నిటికన్నా పైన ఉన్న అంకెలు ఇవి. కందుకూరి, గురజాడ, చలం పుట్టిన భాషలో బతికేవాళ్ల జవాబు ఇది. దెబ్బలు తినేవాళ్లే దెబ్బను న్యాయమనుకునేదాకా నమ్మకం లోపలికి దిగింది.

మగపిల్లలకు ఇది ప్రేమ పేరుతో అందుతోంది. శరత్ నవలలో దేవదాసు పార్వతి నుదుటి మీద కొట్టి మచ్చ చేస్తాడు. తెలుగువాళ్లు 1953 నాటి సినిమా నుంచి అతన్ని త్యాగమూర్తిగా కన్నీళ్లతో తలుచుకుంటున్నారు. ఆ తర్వాతి సినిమాల్లో హీరో కాలేజీ గేటు దగ్గర కాపు వేస్తాడు, బస్సెక్కితే వెనకే ఎక్కుతాడు, కాదన్నకొద్దీ పాట పాడతాడు, చివరి రీలులో ఆమె నవ్వుతుంది. కాదు అంటే ఇంకా అవునన్నంతగా రాలేదని అర్థమని లక్షల మంది కుర్రవాళ్లు చీకటి హాళ్లలో కూర్చుని నేర్చుకున్నారు. 2008 డిసెంబర్‌లో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు, ఒకరు చనిపోయారు. కాదనిపించుకున్న మగవాడి ప్రతీకారం అది. కొద్ది రోజుల్లోనే ముగ్గురు నిందితులూ పోలీసు కాల్పుల్లో చనిపోయారు. జనం సంబరాలు చేసుకున్నారు, పోలీసులకు దండలు వేశారు. తిరస్కారం అవమానమని, అవమానానికి శిక్ష వేసే హక్కు తనకుందని ఆ యువకుడికి ఎవరు నేర్పారన్న ప్రశ్న ఆ తుపాకీ చప్పుడులో పోయింది. 2013లో వెంటపడటాన్నీ యాసిడ్ దాడినీ విడివిడి నేరాలుగా చట్టంలో చేర్చారు. పాఠం చెప్పే సినిమా మాత్రం పెద్దగా మారలేదు.

ఆకర్షణ గురించి మాట్లాడుతూ మగవాడికి స్త్రీ, స్త్రీకి మగవాడు అన్న లెక్కతో ఆగిపోవడం కూడా ఒక నమ్మకమే. నిజాం పాలనలో 1919లో హైదరాబాదులో చేసిన చట్టం, మగవాడిగా పుట్టి ఆడవేషంలో వీధిలోకి వచ్చినవాళ్లను, పాడినవాళ్లను, ఆడినవాళ్లను వారంటు లేకుండా అరెస్టు చేయనిచ్చింది. స్వాతంత్ర్యం వచ్చినా, రాష్ట్రాలు మారినా అది పుస్తకంలోనే ఉండిపోయింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది. స్వలింగ ప్రేమను నేరంగా చూసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న ఆ మేరకు తొలగించింది. అదే నెల 27న, భార్యను భర్త సొత్తుగా చూసిన వ్యభిచార నేరపు 497వ సెక్షన్‌ను కొట్టేసింది. మూడు చట్టాల వేరూ ఒకటే: మగతనమంటే ఇలాగే ఉండాలి, ఆడది ఎవరో ఒకరిది కావాలి. చీర కట్టుకున్న మగవాణ్ణి చూసి కలవరపడే సమాజం, గడప దాటిన భార్యను చూసి కలవరపడే సమాజం వేరు కావు. ఇవాళ తమ మగతనం గురించి ఆలోచించుకునే కుర్రవాళ్లకు ఈ చరిత్ర తెలియడం మంచిది. ఏడవకూడదని, వంట చేయకూడదని, భార్య మాట వినకూడదని తమకు నేర్పిన చేతులే ఈ చట్టాలు కూడా రాశాయి.

భర్త అధికారం సంగతికి తిరిగి వస్తే, 2022 మేలో ఢిల్లీ హైకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు భర్త అత్యాచారం మినహాయింపు మీద చెరొక తీర్పు చెప్పారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 63వ సెక్షన్ ఆ మినహాయింపును అలాగే ఉంచింది. భార్యకు పద్దెనిమిదేళ్లు నిండితే చాలు, ఆమె వద్దన్న మాటకు ఆ సెక్షన్‌లో విలువ లేదు.

ఊరూరా తిరిగి నిమ్మకాయలోంచి రక్తం కారడం వెనక ఉన్న రసాయనాన్ని చూపించే, నిప్పుల మీద నడిచి చూపించే హేతువాద మిత్రులకు ఒక విన్నపం. బాణామతి మీద, దొంగ బాబాల మీద మీరు చేసిన పని చాలా ప్రాణాలు కాపాడింది. మీ సభల్లో ఎక్కువమంది మగవాళ్లే. మగవాడి కోరికకు అదుపు ఉండదన్న మూఢనమ్మకాన్ని కూడా అదే వేదిక మీద పెట్టి పరీక్షించండి. 9వ సెక్షన్‌ను, 63వ సెక్షన్‌లోని మినహాయింపును తీసేయాలని తీర్మానాలు చేసి పంపండి. ఇంటర్ చదివే మగపిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టండి.